ఢిల్లీ చూడదగ్గ ఊరే, పనికిరానిది మీ పట్టికే

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఢిల్లీ, హరిద్వార్, మథుర, ఆగ్రా యాత్రలో ఎర్రకోట, తాజ్‌మహల్ లాంటివాటిని వాటి సెలవు రోజుల్లోనే పెట్టిన లోపం, దాని మీద మీ కార్యాలయం ఇంతవరకూ జవాబు ఇవ్వకపోవడం.

అయ్యా,

మీ కస్టమర్ కేర్‌కి రాసి రాసి విసిగిపోయాం. అందుకే ఈ ఉత్తరం నేరుగా మీకే పంపుతున్నాం. కాశీకి, రామేశ్వరానికి మా విశ్రాంత ఉపాధ్యాయుల బృందాన్ని తీసుకెళ్లింది మీ సంస్థే. ఆ నమ్మకంతోనే ఢిల్లీకీ మీ దగ్గరే డబ్బు కట్టాం. వేరే ట్రావెల్స్ వాళ్లు తక్కువకే తీసుకెళ్తామన్నా కాదన్నాం. మీ మనుషులు మాకిచ్చిన మర్యాద మాత్రం ఇలా ఉంది.

ఫోనెత్తిన అమ్మాయి "ఇది మా పరిధిలోది కాదండీ, ఆపరేషన్స్ వాళ్లని అడగండి" అంది. ఆపరేషన్స్ వాళ్లేమో బుకింగ్ చేసిన బ్రాంచికి వెళ్లమన్నారు. బ్రాంచిలో ఉన్న అబ్బాయి "హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టేశాం సార్" అంటూ కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. చూస్తే అందులో మా బుకింగ్ నంబరే తప్పు. చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. దిద్దమంటే "ఒకసారి వెళ్లాక మార్చడం కుదరదు, జవాబు వచ్చాక చూద్దాం" అన్నాడు. తప్పు నంబరు మీద పెట్టిన ఫిర్యాదుకి జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది? అయినా ఫోన్‌కి మెసేజ్ మాత్రం వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో చెప్పే మనిషి మీ సంస్థ మొత్తంలో దొరకలేదు.

చివరికి సూపర్‌వైజర్ అని ఒకాయన లైన్లోకి వచ్చాడు. సోమవారం ఎర్రకోట మూసి ఉంటుందని మీకు తెలియదా అని అడిగితే, ఆయనన్న మాట ఇది: "ఢిల్లీలో అసలు చూడ్డానికి ఏముంది సార్? పొగ, ట్రాఫిక్, జనం. వెళ్లొచ్చినవాళ్లంతా ఇదే అంటారు. హరిద్వార్ బాగా జరిగింది కదా, సరిపెట్టుకోండి."

మా కడుపు మండింది ఈ మాటకే. జరిగిన నష్టం కన్నా ఇదే ఎక్కువ బాధపెట్టింది. ఢిల్లీని అమ్మి డబ్బు తీసుకున్నది మీరు. చూపించమని అడిగితే చూడ్డానికేమీ లేదనడం ఏం న్యాయం? అందుకే మీ యాత్ర పట్టిక ఎక్కడ చెడిందో వివరంగా రాస్తున్నాం. దయచేసి చివరిదాకా చదవండి.

మీ పట్టికలో "రోజు 1, రోజు 2" అనే ఉంటుంది తప్ప వారం పేరు ఉండదు. రోగమంతా అక్కడే ఉంది. మొదటి రోజు చాందినీ చౌక్ బజారు. రెండో రోజు ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, లోటస్ టెంపుల్, సాయంత్రం అక్షరధామ్. మూడు, నాలుగు రోజులు హరిద్వార్, రుషీకేశ్. అయిదో రోజు మథుర, బృందావనం. ఆరో రోజు ఆగ్రా. దీన్ని బుధవారం మొదలుపెడితే ఏ ఇబ్బందీ లేదు. రెండో రోజు గురువారం వస్తుంది, అన్నీ తెరిచే ఉంటాయి. ఆగ్రా సోమవారం పడుతుంది, తాజ్‌మహల్ కూడా దొరుకుతుంది. అదే పట్టికను మాకు ఆదివారం నుంచి నడిపారు. ఆదివారం చాందినీ చౌక్‌లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి. సోమవారం ఎర్రకోటకి, మ్యూజియానికి, లోటస్ టెంపుల్‌కి, అక్షరధామ్‌కి నాలుగింటికీ సెలవు. ఇక ఆరో రోజు శుక్రవారం. ఆ రోజు తాజ్‌మహల్‌లోకి నమాజుకి వచ్చే స్థానికుల్ని తప్ప సందర్శకుల్ని రానివ్వరు. ఢిల్లీలోని నిజాముద్దీన్ స్టేషన్ నుంచి ఆగ్రా వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్‌ని రైల్వే వాళ్లు శుక్రవారం నడపరు. రైల్వేకి తెలిసిన సంగతి యాత్రలే వ్యాపారంగా పెట్టుకున్న మీకు తెలియదంటే ఎలా నమ్మమంటారు?

ఎర్రకోట లాహోరీ దర్వాజా ఎదురుగా, మూసి ఉన్న టికెట్ కౌంటర్ దగ్గర, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎండలో నిలబడ్డారు. గైడ్ మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే "బయట నుంచి ఫొటోలు తీయించి తీసుకెళ్లిపో" అన్నారు. ఆ గైడ్ మంచివాడు, అతని తప్పు ఇందులో లేదు. ఈ ఉత్తరం చూసి అతని మీద చర్య తీసుకుంటే అది ఇంకో అన్యాయం అవుతుంది.

దీన్ని సరిచేయడానికి ఒక్క రూపాయి అదనంగా అక్కర్లేదు. మార్పులు రెండే. మొదటిది, ఆదివారం పొద్దున ఎర్రకోట, మధ్యాహ్నం నుంచి అక్షరధామ్ పెట్టాలి. అక్షరధామ్‌లోకి ఫోన్లు, కెమెరాలు, సంచులు పట్టుకెళ్లనివ్వరు. వాటిని డిపాజిట్ చేసే వరుస, తనిఖీ వరుస దాటేసరికే చాలా సమయం పోతుంది. సాయంత్రం నీటి ప్రదర్శన కూడా చూడాలంటే నాలుగు గంటలైనా కావాలి. మీరు కేటాయించింది గంట. సోమవారం కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి, జంతర్ మంతర్ చూపించాలి. మూడూ వారమంతా తెరిచే ఉంటాయి. ఆ సాయంత్రం చాందినీ చౌక్‌కి వెళ్తే బజారు కళకళలాడుతూ ఉంటుంది. మీ బస్సు అక్కడికి పోదన్నది మర్చిపోకండి. ఎర్రకోట నుంచి ఫతేపురీ మసీదు దాకా ఉన్న ఆ వీధిలో పొద్దున 9 నుంచి రాత్రి 9 వరకూ మోటారు వాహనాలకి నిషేధం. మెట్రోలో చాందినీ చౌక్ స్టేషన్‌లో గాని, లాల్ కిలా స్టేషన్‌లో గాని దించి, నడవలేనివాళ్లకి సైకిల్ రిక్షాలు మాట్లాడాలి.

రెండో మార్పు మథుర, ఆగ్రాలది. గురువారం నేరుగా ఆగ్రా వెళ్లి, శుక్రవారం ఢిల్లీకి తిరిగొస్తూ మథుర, బృందావనం చూపిస్తే సరిపోయేది. మథుర ఆ దారిలోనే ఉంది కదా. అక్కడి గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే చేరేలా బయల్దేరాలి. శుక్రవారమే ఆగ్రాలో ఉండక తప్పదనుకుంటే యమునకి అవతలి ఒడ్డున మెహతాబ్ బాగ్ ఉంది. తాజ్ మొత్తం అక్కడి నుంచి కనిపిస్తుంది. ఆగ్రా కోట కూడా తెరిచే ఉంటుంది. మీవాళ్లు ఈ రెండింటి ఊసే ఎత్తలేదు. పేఠా మిఠాయి కొట్టు దగ్గర మాత్రం బస్సు చాలాసేపు ఆపారు.

ఇక చూడ్డానికి ఏముందన్న మాటకి జవాబు. మన పల్నాడులోని కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరును పొదిగిన నెమలి సింహాసనం ఒకప్పుడు ఉన్నది ఆ ఎర్రకోటలోనే. 1739లో నాదిర్ షా రెండింటినీ పట్టుకుపోయాడు. సోమవారం గేటు బయట నిలబెట్టి ఈ కథ ఎవరికి చెబుతారు? కుతుబ్ ఆవరణలోని ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్లుగా ఎండకి, వానకి నిలబడి ఉంది. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ ఉండటం వల్ల పైన సన్నని పొర కట్టి తుప్పుని ఆపింది. తాజ్‌మహల్ కన్నా ముందే, అలాంటి గుమ్మటంతో, నాలుగు భాగాల తోట మధ్యలో కట్టింది హుమాయూన్ సమాధి. అది చూసి ఆగ్రా వెళ్లినవాళ్లకి తాజ్ ఇంకా బాగా అర్థమవుతుంది. ఇండియా గేట్ దగ్గర నిజాం కట్టించిన హైదరాబాద్ హౌస్ ఉంది. లోపలికి వెళ్లనివ్వరు గాని, బస్సులోంచి చూపించి నాలుగు మాటలు చెప్పినా మనవాళ్లు ఎంతో సంతోషిస్తారు. మధ్యాహ్నం ఆకలేస్తే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ భోజనం ఉండనే ఉంది. మీ బస్సు దాని ముందు నుంచే వెళ్లి, ఎక్కడో హైవే దాబాలో ఆగింది.

పొగ సంగతి మీ సూపర్‌వైజర్ అబద్ధం చెప్పలేదు. నవంబరులో గాలి పాడవుతుంది. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకి రైళ్లు, విమానాలు ఆలస్యమవుతాయి. జనవరి 26కి ముందు పరేడ్ రిహార్సళ్ల కోసం ఇండియా గేట్ వైపు రోడ్లు మూస్తారు. ఈ సంగతులు డబ్బు కట్టించుకునే ముందు చెప్పాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లినవాళ్లకి ఈ బాధలు చాలావరకు ఉండవు. మీ కరపత్రంలో మాత్రం పన్నెండు నెలలూ "అనువైన కాలం" అనే ఉంది.

ఢిల్లీ వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. వారం చూసుకుని, కాలం చూసుకుని వెళ్లాలి. అది చూసిపెట్టడానికే కదా మీలాంటి సంస్థకి జనం డబ్బు కట్టేది?

ఇప్పుడు మాకు కావలసింది చెబుతున్నాం. సోమవారం, శుక్రవారం రెండు రోజులకీ మీరు వసూలు చేసిన ప్రవేశ రుసుములు, గైడ్ రుసుము, బస్సు ఛార్జీ వాటా మాకు తిరిగి ఇవ్వాలి. "పరిష్కారమైంది" అని మూసేసిన ఫిర్యాదును సరైన బుకింగ్ నంబరుతో మళ్లీ తెరవాలి. ఢిల్లీలో ఏముందన్న మాటకి మీ సంతకంతో క్షమాపణ రావాలి. డబ్బు కొంచెం ఆలస్యమైనా ఓర్చుకుంటాం, ఉత్తరం ఆలస్యమైతే ఊరుకోం.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు లావాదేవీకి ఫీజు కూడా లేదు. మీ పట్టిక, రసీదులు, తప్పు నంబరుతో వెళ్లిన మెయిల్ ఫొటో, స్టార్లు అడిగిన మెసేజ్ అన్నీ జాగ్రత్తగా దాచాం. నకళ్లు ఈ ఉత్తరంతో జతపరిచాం.

జవాబు రాసేవాళ్లు తమ పేరు, హోదా, నేరుగా మాట్లాడగలిగే ఫోన్ నంబరు తప్పకుండా రాయాలి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుల యాత్రా బృందం తరఫున