గోడ పక్క సమాధి మీద కూడా పవిత్ర జలం చల్లాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా. తాతల కాలంలో పార్వతీపురం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కతోలిక కుటుంబం. చర్చిలో పూజ ఒడియాలో వింటాం, ఇంట్లో జపమాల తెలుగులో చెప్పుకుంటాం. నవంబరు 2న మృతుల స్మరణ దినం వస్తోంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాలుగేళ్ల కింద మా చెల్లెలి కొడుకు తన ప్రాణం తానే తీసుకున్నాడు. పాతికేళ్లు నిండలేదు. అంతకు ముందు నెలల తరబడి సరిగ్గా నిద్రపోలేదు, తినలేదు, ఎవరితోనూ కలవలేదు. అది జబ్బని మాకు తెలియలేదు. ఆ రెండు రోజులూ ఫాదర్ గారు ఊళ్లో లేరు. పెద్దలు వాళ్లలో వాళ్లే తేల్చేశారు. ఇలా పోయినవాణ్ణి చర్చిలోకి తేకూడదు, పూజ ఉండదు, సమాధుల తోటలో చివరన గోడ పక్కన పెట్టుకోండి అన్నారు. మేము నోరెత్తలేదు. రూలు అదేనని మేమూ నమ్మాం.

అంతకు రెండేళ్ల ముందు మా నాన్న పోయినప్పుడు పెట్టె మీద తెల్లని గుడ్డ కప్పారు. జ్ఞానస్నానం నాడు బిడ్డకు వేసే తెల్లబట్టకు అది గుర్తు. కాళ్లు బలిపీఠం వైపు ఉండేలా పెట్టెను పెట్టారు, బతికుండగా పూజకు వచ్చి నిలబడినట్టే. పక్కన పాస్కా కొవ్వొత్తి వెలిగించారు. క్రీస్తు లేచాడు, ఈయనా లేస్తాడు అని చెప్పే దీపం అది. ఈ శరీరం పవిత్రాత్మ ఉన్న ఆలయం కాబట్టి దానికి సాంబ్రాణి ధూపం వేశారు. పవిత్ర జలం చల్లారు. చివర అందరం మట్టి వేశాం.

మేనల్లుడికి ఆ మట్టి ఒక్కటే దక్కింది. ఇంటికి వచ్చాక మా చెల్లి నన్ను ఒకటే అడిగింది: "వాడికి జ్ఞానస్నానం ఇచ్చింది ఈ చర్చిలోనే కదా అన్నా. ఆ నీళ్లు ఇప్పుడు చల్లడానికి అడ్డేమిటి?" నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఆ తర్వాత ఫాదర్ గారు తిరిగి వచ్చాక దొరికింది. అడ్డేమీ లేదట. 1917 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో, తెలిసి ప్రాణం తీసుకుని పశ్చాత్తాపం చూపకుండా పోయినవారికి చర్చిలో అంత్యసంస్కారం లేదని ఉండేది. 1983లో వచ్చిన కొత్త చట్టంలో అంత్యసంస్కారం నిరాకరించాల్సినవారి జాబితా ఉంది కానీ అందులో ఆత్మహత్య మాట లేదు. అనుమానం వస్తే పీఠాధిపతిని, అంటే బిషప్ గారిని అడగమని ఉంది, పెద్దలను తేల్చమని లేదు. 1992 నాటి సత్యోపదేశం, అంటే శ్రీసభ బోధనలన్నీ ఉన్న గ్రంథం, ఇంకా ముందుకు వెళ్లింది. తీవ్రమైన మానసిక బాధ, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, ఇలా పోయినవారి రక్షణ గురించి ఆశ వదులుకోకూడదని, శ్రీసభ వారి కోసం ప్రార్థిస్తుందని అందులో ఉంది. మన దేశ చట్టం కూడా మారింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ముప్పయ్యో రోజున ఫాదర్ గారు పూజ చేశారు. ఆ మేలు మరిచిపోను. కానీ 1983లో మారిన మాట మా పెద్దల చెవిన పడటానికి ఒక పిల్లాడు గోడ పక్కకు వెళ్లాల్సి వచ్చింది. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆ పాత రూలే నడుస్తోంది. పరువు పోతుందని, చర్చిలోకి రానివ్వరని భయపడి ఎలా పోయాడో దాచేస్తారు. అలా దాచే ఇంట్లో అదే బాధలో ఇంకొకరుంటే వాళ్లు నోరు తెరిచి ఎలా చెప్పుకుంటారు? నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే.

బరంపురం నుంచి విడిపోయి 2016లో రాయగడ సొంత మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) అయింది. మృతుల స్మరణ దినానికి ముందు ఆదివారం ప్రతి విచారణలో, అంటే ఒక ఫాదర్ గారు చూసుకునే ప్రతి చర్చి పరిధిలో, పాత రూలు మారిన సంగతి చదివించమని మా గురువులను (ఫాదర్లను) వేడుకుంటున్నాను. ఒడియా, కుయి భాషలతో పాటు తెలుగులోనూ చదవాలి, ఎందుకంటే మా ముసలివాళ్లకు ఒడియా ప్రసంగం సగమే అర్థమవుతుంది. మీ పత్రిక కూడా ఇది ప్రచురించి, పక్కనే మానసిక బాధలో ఉన్నవారికి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ ఉచిత నంబరు 14416 వేస్తే మేలు. మా మేనల్లుడి విషయంలో ఇలాంటి సాయం అడగాలని మాకెవరికీ తోచలేదు.

ఆ రోజు సమాధులను ఆశీర్వదిస్తూ ఫాదర్ గారు వరుసల మధ్య నడుస్తారు. చివరి వరుస దాటి గోడ దాకా రావాలి. మా చెల్లి కొవ్వొత్తి పట్టుకుని అక్కడే నిలబడి ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాయగడ జిల్లా, ఒడిశా