గజపతి జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎస్పీ గారికి నమస్కారం.

పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు ట్యూషన్ చెబుతుంటాను. మొన్న ఒక విద్యార్థిని తన ఫోన్ చూపించింది. "లైవ్ లొకేషన్ పెట్టు", "ఆన్‌లైన్‌లో ఉండి రిప్లై ఎందుకివ్వవ్" అంటూ తన ప్రేమికుడి నుంచి అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు. చివరిది, ఫొటోలు మీ నాన్నకి పంపుతానని. స్టేషన్‌కి వెళితే "ప్రేమికుల గొడవ, మీరే తేల్చుకోండి" అన్నారట. పైగా ఫిర్యాదు ఒడియాలో రాసుకు రమ్మన్నారట. ఒడియా మాట్లాడటం వచ్చినా రాయడం రాని తెలుగు పిల్లలు ఇక్కడ ఎందరో తమకు తెలియంది కాదు.

ఇలా ఆరా తీయడం వెనక ఒక భయం ఉంటుంది. తల్లీబిడ్డల బంధం గురించి మనోవైద్యుడు బౌల్బీ చెప్పినదాన్ని 1987లో హజాన్, షేవర్ అనే మనస్తత్వవేత్తలు ప్రేమలకు అన్వయించారు. వదిలేస్తారేమోనన్న భయం ఉన్నవాళ్లు మాటిమాటికీ ఆరా తీస్తారు. దగ్గరితనమంటే బెదిరేవాళ్లు ముడుచుకుపోతారు. ఒకరు తప్పుకునేకొద్దీ ఇంకొకరికి టెన్షన్. (అబ్బాయిలే అని కాదు, పాస్‌వర్డ్ అడిగే అమ్మాయిలూ ఉన్నారు.) ఆ భయానికి కౌన్సెలింగ్ ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. బెదిరింపుకు మాత్రం చట్టమే. మహిళ ఇంటర్నెట్ వాడకంపై మగవాడు నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. అందులో ప్రేమికుడికి మినహాయింపేమీ లేదు.

తెలుగు తెలిసిన మహిళా సిబ్బందిని ఒకరిని కేటాయించండి. స్క్రీన్‌షాట్లు తీసుకుని రసీదు ఇప్పించండి. కాలేజీల్లో సైబర్ అవగాహన పెడితే ఓటీపీ మోసాలతోపాటు ఇదీ చెప్పించండి. ఆ అమ్మాయికి వచ్చే వారం పరీక్షలు, ఈలోగా ఫిర్యాదు తీసుకునేలా చూడగలరు.

ఇట్లు,
ఒక ట్యూషన్ మాస్టారు, పర్లాకిమిడి