నువ్వు ఫోన్ పెట్టేశాక తట్టిన జవాబు

గాజువాక, విశాఖపట్నం

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో "ఈ ఎలక్షన్ల గోల ఆపేసి ఓ పదేళ్లు చదువుకున్నోళ్లకి అప్పగించేస్తే దేశం బాగుపడతాదిరా" అనేసి టక్కున పెట్టేశావు. నీతో వాదన ఎప్పుడూ ఇంతే, నువ్వు పెట్టేశాకే నాకు మాటలొస్తాయి.

ముందు నీ వైపు మాటే చెప్తాను. మన కార్పొరేషన్‌కి 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదు, అంతా ప్రత్యేకాధికారుల పాలన. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చిందీ అప్పుడే. రోడ్ల మీద పడిన చెట్లు తీయడానికి వాళ్లు రాత్రీపగలూ పనిచేశారు, కాదనను. కానీ ఆ తొమ్మిదేళ్లూ మనకి కోపం వస్తే ఓడించడానికి ఓ కార్పొరేటరైనా లేడు కదరా.

గ్రీసు సంగతి గుర్తుందా? 2015లో అప్పు కోసం యూరోపియన్ కమిషన్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్, ఐఎంఎఫ్ షరతులు పెట్టాయి. బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎంలో రోజుకి 60 యూరోలే. జులై 5న జనాన్ని అడిగితే 61 శాతం 'వద్దు' అన్నారు. ఎనిమిది రోజులకే అదే ప్రభుత్వం అంతకన్నా గట్టి షరతులకి తలూపింది. మరుసటి ఏడాది పిరేయస్ రేవులో 51 శాతం వాటా చైనా కంపెనీ చేతికెళ్లింది. మనదీ రేవు ఊరే, అందుకేనేమో ఆ వార్త మనసులో ఉండిపోయింది. అయితే అప్పిచ్చిన జర్మనీవాళ్లకీ ఓట్లున్నాయి, వాళ్ల డబ్బుకి వాళ్లూ జవాబు అడగాలి. ఇక్కడ మాత్రం నేను కాస్త తడబడతాను.

ఇక మన విశాఖ ఉక్కు ప్లాంటు. మొన్న అటక సర్దుతుంటే నాన్న ఆర్-కార్డు దొరికింది. అంచులు నలిగిపోయాయి, పేరు సగం చెరిగింది. భూమి పోయినందుకు ఇచ్చిన ఆ కార్డుతోనే ప్లాంటులో ఉద్యోగం, ఆ జీతంతోనే నా చదువు. 1966లో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ప్లాంటు అది. దాన్ని నూరు శాతం అమ్మేద్దామని 2021 జనవరిలో తేల్చింది నీ నిపుణులు కాదు, గెలిచొచ్చిన మంత్రులే. కానీ మాట్లాడింది నిపుణుల భాష. ఆ భాష ముందు ఎదురు చెప్పేవాడు ఏమీ తెలియనివాడైపోతాడు. మేలో మన అసెంబ్లీ వద్దని తీర్మానం చేసినా ఢిల్లీ కదల్లేదు.

అమ్మకం వద్దంటూ కూర్మన్నపాలెంలో వేసిన దీక్షా శిబిరంలో నాన్న కూర్చుని వచ్చేవారు. ఓరోజు అన్నం కలుపుతూ అన్నారు, "ప్లాంటుకి సొంత ఇనుప గనులు ఇవ్వకపోవడం కూడా లెక్కేనేటి? అదీ ఎవడో ఒకడు అనుకున్నదే కదా!" ప్లాంటుకి నష్టాలొచ్చాయని చూపించే కాగితంలో ఆ గడి ఉండదురా. రాజకీయ నిర్ణయం అంకెల కింద దాక్కుంటే ఇక దానితో ఎవరు పోట్లాడతారు?

2025 జనవరిలో కేంద్రం నుంచి ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. మధ్యలో ఏం మారిందంటావు? 2024 ఎన్నికల తర్వాత కేంద్రానికి మన రాష్ట్ర ఎంపీల అవసరం పడింది, నాకు తోచింది అదే. నువ్వు గోల అంటున్నది దాన్నే. ప్యాకేజీతో అన్నీ తీరిపోయాయని నేననడం లేదు, నాన్నా అనరు.

పండక్కి వస్తే కార్డు చూద్దువుగాని. లామినేషన్ చేయిస్తానంటే నాన్న ఒప్పుకోవడం లేదు, వెనకున్న సంతకం పాడైపోతాదట. నువ్వు చెబితే వింటారేమో చూడు.

నీ
శ్రీను