ఫైలు కింది నుంచే నడుస్తుంది

సింధూ,

నిన్న ఫోన్లో "గ్రూప్-2 రాసి డిప్యూటీ తహసీల్దారు అయితే ఏముంది అమ్మా, రాస్తే సివిల్సే రాయాలి" అన్నావు చూడు, అప్పుడు మీ నాన్న పక్కనుండబట్టి ఊరుకున్నాను గానీ, గుంటూరు కలెక్టరేట్‌లో ఇన్నేళ్లు ఫైళ్ల మధ్య బతికినదాన్ని, చెప్పకుండా ఉండలేకపోతున్నా.

కలెక్టర్ గారి సంతకం అందరికీ కనిపిస్తుంది. అక్కడిదాకా ఫైలు ఎలా వస్తుందో మీ కోచింగ్ వాళ్లు చెప్పరనుకుంటా. ఊళ్లో వీఆర్వో విచారించి రాస్తాడు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఐ) చూస్తాడు, తహసీల్దారు రిపోర్టు ఇస్తాడు, అది ఆర్డీవోని దాటి కలెక్టరేట్ సెక్షన్‌కి వస్తే సీట్లో ఉన్న సీనియర్ అసిస్టెంట్ పాత జీవోలన్నీ తవ్వి నోట్ ఫైల్ రాసి పైవాళ్ల ముందు పెడతాడు, సూపరింటెండెంట్ దిద్దుతాడు. ఆ నోటులో సర్వే నంబరు తప్పు పడిందా, ఎంత తెలివైన ఐఏఎస్ అయినా తప్పు ఉత్తర్వు మీదే సంతకం పెట్టే ప్రమాదం ఉంది. 2024లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మీ పిన్ని వాళ్లింటికి నష్టం రాసుకోడానికి వచ్చింది కలెక్టరు కాదుగా, వార్డు సచివాలయం పిల్లలు. వాళ్లు రాసుకున్నదాన్ని బట్టే పైవాళ్లు పరిహారం లెక్కగట్టారు.

ఇంకోటి. కింద అంతా ప్రభుత్వాలు మార్చేస్తుంటాయి. 1984లో ఎన్టీఆర్ ఊరి లెక్కలు, శిస్తు వసూళ్లు చూసే కరణాలు, మునసబుల్ని తీసేశారు, ఆ మరుసటేడు మండలాలొచ్చాయి, 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు. పైన ఐఏఎస్, ఐపీఎస్‌లకు మాత్రం రాజ్యాంగంలోనే చోటుంది, 312వ అధికరణం. పనిచేసేది రాష్ట్రం కింద, కానీ ఉద్యోగంలోంచి తీసేసే అధికారం కేంద్రానిదే. అధికారి తన మనసులో మాట నిర్భయంగా చెప్పగలగాలని 1949లో పటేల్ రాజ్యాంగ సభలో గట్టిగా వాదించింది ఇందుకే. మంత్రి చెప్పింది నచ్చకపోతే ఫైల్లో కారణం రాయాలి, ఆ తర్వాత కూడా మంత్రి నిర్ణయం అదే అయితే, అది చట్టం లోపల ఉంటే, అమలు చెయ్యాలి. ఆ రాసే ధైర్యం మాత్రం అందరికీ ఉండదులే, నేను చూశాగా.

సివిల్స్ మానమని నేననట్లేదు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నీ రూము అద్దె మేం కడతాం, దాని గురించి టెన్షన్ పెట్టుకోకు. గ్రూప్-2 నోటిఫికేషన్ వస్తే అది కూడా అప్లై చెయ్యి, అంతే. గోంగూర పచ్చడి కొరియర్ చేశా, అందగానే మెసేజ్ పెట్టు.

అమ్మ