మా ఆడవాళ్ల బట్టలు స్వాగత తోరణాలు కావు

సంపాదకులకు నమస్కారం.

మంత్రి వచ్చినా, పెద్ద అధికారి వచ్చినా మా దేవరకొండ చుట్టుపక్కల లంబాడీ తండాల్లోని ముసలమ్మలకు కబురు వస్తుంది. పేటియా (పావడా), కాంచళి (రవిక), టుక్రి (తలమీది ముసుగు) వేసుకుని వచ్చి దారి పక్కన వరుసగా నిలబడాలి, కార్లు కనపడగానే ఆడాలి. వచ్చేవాళ్లు ఆలస్యమైతే ఎండలోనే పడిగాపులు. గవ్వలూ అద్దాలూ బిళ్లలూ కుట్టిన ఆ బట్టలు, చెంపల మీద వేలాడే ఘుగ్రీలు, మోచేయి దాటి పైదాకా గాజులు, కాళ్లకు కడియాలు, ఇవన్నీ ఎంత బరువో మోసేవాళ్లకే తెలుసు. ఫొటోలు దిగడం అయిపోయాక వాళ్లు ఇల్లెలా చేరారో అడిగే దిక్కుండదు.

అదే ముసలమ్మ అవే బట్టలతో బస్సెక్కితే పక్కన కూర్చోవడానికి జంకుతారు. దవాఖానలో ‘ఏయ్ లంబాడీ, అటు జరుగు’ అంటారు. మా ఆడపిల్లలు చీరలకు, పంజాబీ డ్రెస్సులకు మారింది ఫ్యాషన్ కోసమే అనుకోవద్దు. హాస్టళ్లలో పడ్డ ఎగతాళి కూడా అందుకు కారణమే. కూలి పనికి తేలికపాటి బట్టలే వీలన్నదీ నిజమే. నేనూ చీరే కడతాను, ఎవరి వీలు వాళ్లది. మా మగవాళ్లు ఎన్నడో ప్యాంటు చొక్కాలకు మారారు, సంస్కృతి మరిచారని వాళ్లనెవరూ నిలదీయలేదు. ఆ నింద ఆడవాళ్ల మీదే ఎందుకు?

నార్వేలో ఏటా మే 17న, వాళ్ల రాజ్యాంగ దినోత్సవం నాడు, చాలామంది ‘బూనాద్’ అనే సంప్రదాయ దుస్తుల్లో వీధుల్లోకి వస్తారు. ప్రాంతానికో తీరు. మిగతా రోజుల్లో అందరిలాగే ప్యాంట్లు, కోట్లు. ఆ బట్టలు వేసుకునేది తమ పండగకు, తమ ఇష్టంతో. మాకూ తీజ్ ఉంది, ఫిబ్రవరి 15న మా గురువు సేవాలాల్ జయంతి ఉంది. ఆ రోజుల్లో మా పిల్లలు కాంచళి వేసుకుని గర్వంగా తిరిగితే నాకంతకన్నా ఏం కావాలి?

కానీ ఆ కాంచళి కుట్టేదెవరు? అద్దం బిళ్లను గుడ్డ మీద పెట్టి, దాని చుట్టూ దారంతో గట్టిగా అంచు అల్లి, ఏళ్లు గడిచినా ఊడకుండా బిగించే చేతులు తండాకు ఒకటో రెండో మిగిలాయి. ఇప్పుడు అంగళ్లలో దొరికేది పాలిస్టర్ మీద మిషన్ కుట్టు, అద్దాల బదులు ప్లాస్టిక్ మెరుపులు. అద్దెకు తెచ్చి బడి వార్షికోత్సవంలో ఆడించేదీ అదే. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అక్కడి ఆడవాళ్లు ఆ పనితో సంపాదించుకుంటున్నారు. నల్గొండ, మహబూబ్‌నగర్ తండాల్లో ఆ పనితనం లేకనా?

గిరిజన గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఈ కుట్టు నేర్పడానికి తండా ఆడవాళ్లనే జీతమిచ్చి పెట్టాలి. వాళ్లు కుట్టిన సంచులు, దిండు గలీబులు ప్రభుత్వ హస్తకళల దుకాణాల్లో అమ్మాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మా తండాలెన్నో గ్రామపంచాయతీలయ్యాయి. కూలి డబ్బులు, నీడ, రానుపోను బండి ముందుగా ఒప్పుకోనిదే స్వాగతాలకు మా ఆడవాళ్లను పంపబోమని ఆ పంచాయతీలు తీర్మానం చేయాలి.

– ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ, నల్గొండ జిల్లా