చందా రసీదా, రహస్య ఓటా?

సంపాదకులకు నమస్కారం.

కార్మిక సంఘం బలమెంతో తేల్చడానికి సభ్యత్వ రసీదులు లెక్కిస్తే చాలని కొందరు నాయకులు ఇప్పటికీ వాదిస్తున్నారు. ఒక్క కార్మికుడి జేబులోనే మూడు సంఘాల రసీదులుంటాయని వారికి తెలియదా? నలుగురి ఎదుట చేసే సంతకం వేరు, తెరచాటున వేసే ఓటు వేరు. సింగరేణి బొగ్గు గనుల్లో 1998 నుంచి, కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతోనే ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27న ఏఐటీయూసీ సంఘం గెలిచిందీ అలాగే. కానీ అవే గనుల్లో చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికులకు ఆ ఓటు లేదు. పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే చట్టం, సంఘాలు పలు ఉన్నచోట, యాజమాన్యంతో చర్చించే ఏకైక సంఘానికి 51 శాతం మద్దతు కావాలంటోంది. ఎవరిలో? మస్టరు రోలులో, అంటే సంస్థ హాజరు పట్టీలో ఉన్నవారిలో! గుత్తేదారు పుస్తకంలో పేరున్నవారికి కూడా బ్యాలెట్ ఇవ్వాలని కార్మిక శాఖను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత గని కార్మికుడు, గోదావరిఖని