డేటాబేసులోకి ఎవరి పేరుతో వారే వెళ్లాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. వ్యక్తిగత సమాచార రక్షణ గురించి పత్రికల్లో వచ్చే చర్చ సాధారణంగా పెద్ద బ్యాంకులు, ఫోన్ కంపెనీల చుట్టూనే తిరుగుతుంది. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోనూ, సరిహద్దుకు అవతల పాతపట్నం వైపునా ఉన్న రక్తపరీక్షల ల్యాబులు, నర్సింగ్ హోములు, ప్రైవేటు కళాశాలలు, పరపతి సంఘాలు తమ కంప్యూటర్లలో దాచుకున్న సమాచారం ఎవరి చేతుల్లో ఉందన్నది మాత్రం చర్చకు రావడం లేదు. పర్లాకిమిడిలో ఉంటూ ఇటువంటి సంస్థల డేటాబేసుల బాగోగులు చూసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, ఈ విషయం మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

చిన్న సంస్థలకు అమ్మే సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినదే. తరచూ దాని లోపల హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ, హెచ్2, డెర్బీ వంటి ఉచిత డేటాబేసుల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఇవి నాసిరకం వస్తువులు కావు. లోపం మనం వాటిని వాడుతున్న తీరులో ఉంది. మొదటి రెండింటిలో తొలి యూజర్‌గా ‘ఎస్‌ఏ’ అనే పేరు, దానికి ఖాళీ పాస్‌వర్డ్ పెట్టడం పాత అలవాటు. ఆ యూజర్‌కు డేటాబేసు మీద సర్వాధికారాలూ ఉంటాయి. డెర్బీ అయితే, మనం ప్రత్యేకంగా కోరితే తప్ప లాగిన్ తనిఖీయే చేయదు. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చినవారు పని త్వరగా ముగించుకోవడం కోసం దాన్ని అలాగే వదిలి వెళ్తారు.

ఇటీవల ఒక ల్యాబులో చూసిన సంగతి చెబుతాను. కౌంటర్లో పేర్లు రాసుకుని డబ్బులు తీసుకునే అమ్మాయి, లోపల పరీక్ష ఫలితాలు ఎక్కించే టెక్నీషియన్, రిపోర్టు మీద సంతకం చేసే డాక్టరు, నెలాఖరున లెక్కలు చూసే అకౌంటెంటు అందరూ ఆ ఒక్క ‘ఎస్‌ఏ’ పేరుతోనే పనిచేస్తున్నారు. ఒక రోగి హిమోగ్లోబిన్ అంకె ఉదయం ఒకలా, సాయంత్రం ఇచ్చిన ప్రింటులో మరోలా ఉంది. ఎవరు మార్చారని వెతికితే డేటాబేసు దగ్గర ఉన్న జవాబు ‘ఎస్‌ఏ’ ఒక్కటే. ఆ మార్పు పొరపాటును దిద్దడానికి చేసినదో, కొత్త పొరపాటో తేల్చడానికి దారే లేకపోయింది. అక్కడ పనిచేసినవారంతా నిజాయితీపరులే కావచ్చు. అయినా ఆ నిజాయితీని నిరూపించుకునే అవకాశం వారికి మనం ఇవ్వలేదు, ఇదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

పైగా మన ప్రాంతంలో టెక్నీషియన్లు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు కొంత అనుభవం రాగానే విశాఖపట్నానికో, బరంపురానికో మంచి జీతం కోసం వెళ్లిపోతుంటారు. ఇది తప్పు పట్టవలసిన విషయం కాదు. కానీ వెళ్లినవారికి తెలిసిన పాస్‌వర్డే ఉన్నవారికీ దిక్కు కావడంతో దాన్ని ఎవరూ మార్చరు.

దీనికి పరిష్కారం కొత్తగా కొనవలసిన పని లేదు. లాగిన్ తనిఖీని బయటి వ్యవస్థకు అప్పగించి, వచ్చిన మనిషిని బట్టి రోల్ (చేసే పనికి తగిన హక్కుల కట్ట) కేటాయించే సౌకర్యం ఈ డేటాబేసుల్లోనే ఉంది. హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీని తీసుకుందాం. తనిఖీ బాధ్యతను మనం రాసి ఇచ్చిన ఒక జావా ఫంక్షన్‌కు, అంటే చిన్న ప్రోగ్రాము ముక్కకు, ఒప్పజెప్పవచ్చు. ఎవరైనా కనెక్ట్ కాబోయినప్పుడు డేటాబేసు ఆ ఫంక్షన్‌కు మూడు వివరాలు అందిస్తుంది: డేటాబేసు పేరు, యూజర్ పేరు, కొట్టిన పాస్‌వర్డ్. వాటిని ఎక్కడ సరిచూడాలన్నది మన ఇష్టం. సంస్థకు ఎల్‌డాప్ డైరెక్టరీ (ఉద్యోగుల లాగిన్ వివరాలన్నీ ఒకేచోట ఉంచే పట్టిక) ఉంటే అక్కడ, లేకపోతే జావాలోనే ఉన్న జాస్ అనే లాగిన్ తనిఖీ ఏర్పాటు ద్వారా మరోచోట సరిచూడవచ్చు. ఈ రెండింటికీ కావలసిన క్లాసులు (సిద్ధంగా రాసి ఉంచిన జావా ప్రోగ్రాము భాగాలు) హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీతో పాటే వస్తాయి. వివరాలు సరిపోకపోతే ఫంక్షన్ ఎక్సెప్షన్ (తప్పు జరిగిందన్న సంకేతం) ఇస్తుంది, ప్రవేశం ఆగిపోతుంది. సరిపోతే ఆ మనిషికి చెందవలసిన రోల్ పేర్ల జాబితాను తిరిగి ఇస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని ప్రోగ్రామర్లు తప్పక గమనించాలి. ఆ ఫంక్షన్ జాబితాకు బదులు నల్ (ఏమీ లేదని తెలిపే విలువ) ఇచ్చిందంటే, ఈ మనిషిని రానివ్వు, రోల్స్ మాత్రం నీ దగ్గర ఇదివరకు రాసి ఉన్న ప్రకారమే చూసుకో అని డేటాబేసుకు చెప్పినట్టు. ఖాళీ జాబితా ఇచ్చిందంటే, రానివ్వు కానీ ఏ రోలూ ఇవ్వవద్దు అని చెప్పినట్టు. ఈ తేడా తెలియక నల్ ఇచ్చి ఊరుకుంటే, ఎప్పుడో పరీక్ష కోసం డేటాబేసులోనే ఇచ్చి మరిచిపోయిన డీబీఏ (సర్వాధికారాలున్న నిర్వాహకుడి) రోల్ చడీచప్పుడు లేకుండా పనిచేస్తూనే ఉంటుంది. బయటి డైరెక్టరీలో ఎంత శ్రద్ధగా హోదాలు నిర్ణయించినా అప్పుడు ఫలితం ఉండదు.

పర్లాకిమిడిలో ఒకటి, పాతపట్నంలో ఒకటి శాఖలున్న సంస్థకు హెచ్2 పద్ధతి మరింత అనుకూలం. అందులో యూజర్లను గుంపులుగా విడదీసే ‘రెల్మ్’ అనే ఏర్పాటు ఉంది. ఒక్కో రెల్మ్‌కు తనిఖీ చేసే క్లాసు వేరుగా పెట్టుకోవచ్చు. లోపలికి వచ్చిన యూజర్ పేరు వెనుక రెల్మ్ పేరు కూడా చేరుతుంది కనుక, రెండు శాఖల్లోనూ లక్ష్మి అనే ఉద్యోగి ఉన్నా ఇద్దరూ కలిసిపోరు. ఏ రెల్మ్ నుంచి వచ్చారో దాని పేరుతోనే రోల్ ఇచ్చే క్లాసు కూడా సిద్ధంగా ఉంది. పాతపట్నం రోల్‌కు ఏయే టేబుళ్లు చూసే, మార్చే హక్కు ఇవ్వాలో ఒక్కసారి గ్రాంట్ ఆదేశంతో రాసిపెడితే చాలు, ఉద్యోగులు మారినప్పుడల్లా డేటాబేసును కదిలించనక్కరలేదు. డెర్బీలో కూడా మన సొంత తనిఖీ క్లాసు పెట్టుకోవచ్చు కానీ, అది అవుననో కాదనో మాత్రమే చెబుతుంది. రోల్స్ డేటాబేసులోనే విడిగా ఇవ్వాలి, యూజర్ లోపలికి వచ్చాక సెట్ రోల్ ఆదేశంతో వాటిని చేపట్టాలి.

ఇవేవీ నిన్నమొన్నటి ఆలోచనలు కావు. అధికారాలను మనుషులకు కాక వారు చేసే పనికి ముడిపెట్టాలన్న పద్ధతిని 1992లో డేవిడ్ ఫెర్రాయిలో, రిచర్డ్ కూన్ శాస్త్రీయంగా ప్రతిపాదించారు. 1996లో రవి సంధు తన సహచరులతో కలిసి దానికి నమూనాలు రూపొందించారు. డేటాబేసులతో మాట్లాడే భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి రోల్స్ 1999లో వచ్చాయి. ఏ కంపెనీ ఫ్యానునైనా ఒకే ప్లగ్గుకు తగిలించుకున్నట్టు తనిఖీ మాడ్యూళ్లను మార్చుకునే ఏర్పాటును సన్ అనే కంప్యూటర్ల కంపెనీ 1995లోనే పామ్ పేరుతో ముందుకు తెచ్చింది. అదే దారిలో పుట్టిన జాస్ 2002లో వచ్చిన జావా 1.4 నుంచి జావాలో భాగంగా ఉంది. ఇన్నేళ్లుగా చేతిలో ఉన్న సాధనం మన ఊళ్ల దాకా రాకపోవడానికి డబ్బు కారణం కాదు, అడిగేవారు లేకపోవడమే కారణమని నా నమ్మకం.

అయితే తొందరపడి చేస్తే చిక్కులున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం, గజపతి జిల్లాల్లో కరెంటు, ఫోన్లు ఎలా దెబ్బతిన్నాయో మీ పాఠకులకు నేను గుర్తు చేయనక్కరలేదు. తనిఖీ చేసే డైరెక్టరీ వేరే ఊళ్లో ఉండి మధ్యలో లైను తెగిపోతే, ఆసుపత్రిలో జనరేటరు నడుస్తున్నా రోగి వివరాలు తెరవడం ఎవరివల్లా కాదు. అందుకే హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీలో కొందరు యూజర్లను ‘లోకల్’ అని గుర్తించే వీలు ఉంచారు. వారి పాస్‌వర్డ్ డేటాబేసులోనే సరిచూడబడుతుంది. అటువంటి యూజర్‌ను ఒకరినో ఇద్దరినో పెట్టి, పాస్‌వర్డ్‌ను సీలు వేసిన కవరులో బాధ్యుల బీరువాలో ఉంచాలి. అలాగే డైరెక్టరీకి పంపే పాస్‌వర్డ్ టీఎల్‌ఎస్ (సమాచారాన్ని సంకేతలిపిలోకి మార్చి పంపే పద్ధతి) రక్షణలో వెళ్తోందో లేదో చూడాలి. లేకపోతే దారిలో ఎవరైనా చదవగలుగుతారు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. వెబ్ పద్ధతిలో నడిచే ప్రోగ్రాములు ముందుగానే కొన్ని కనెక్షన్లు తెరిచి ఉంచుకుని, అందరి తరఫునా ఒకే యూజర్ పేరుతో డేటాబేసుతో మాట్లాడతాయి. అటువంటి చోట నేను చెప్పిన ఏర్పాటు ఒక్కటే సరిపోదు, ఎందుకంటే అసలు మనిషి ఎవరో డేటాబేసుకు తెలియదు. అక్కడ తనిఖీ, రోల్స్, ఎవరేం మార్చారన్న లాగ్ ప్రోగ్రాములోనే ఉండాలి. ప్రోగ్రాము వాడే ఆ ఒక్క యూజర్‌కు కూడా డీబీఏ హక్కులు లేకుండా, అవసరమైన టేబుళ్ల మీద మాత్రమే హక్కులు ఉండాలి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచారాన్ని కాపాడడానికి తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. అంత పెద్ద మొత్తం చిన్న ల్యాబు మీద పడుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మన పక్కింటివారి షుగర్ రిపోర్టు, మన పిల్లల కులధ్రువపత్రం, మన తల్లిదండ్రుల అప్పు ఖాతా ఆ డేటాబేసుల్లో ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను.

సంస్థల యజమానులు, కార్యదర్శులు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడూ, ఏటా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితం మీద సంతకం పెట్టేటప్పుడూ కొన్ని సంగతులు అందులో రాయించుకోవాలని కోరుతున్నాను. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఉండకూడదు. ప్రతి ఉద్యోగికీ సొంత పేరుతో లాగిన్, చేసే పనికి తగిన రోల్ ఉండాలి. ఉద్యోగం మానిన రోజునే వారి లాగిన్ ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. బయటి తనిఖీ పనిచేయకపోతే ఎవరు, ఎలా లోపలికి వెళ్తారో రాతపూర్వకంగా ఉండాలి. సరఫరాదారు ఇవి వీలుకావంటే, లోపల ఏ డేటాబేసు ఉందో పేరు అడగండి. పైన చెప్పిన మూడింటిలో ఏదైనా అయితే, అడ్డు డేటాబేసు నుంచి కాదని మీరు ధైర్యంగా బదులు చెప్పవచ్చు. మన ప్రాంతపు ఇంజనీరింగ్ కళాశాలల అధ్యాపకులు ఈ అంశాన్ని చివరి ఏడాది ప్రాజెక్టులుగా ఇస్తే, విద్యార్థులు ఊళ్లోని సంస్థలకే పనికొచ్చే పని నేర్చుకుంటారు. మీ జిల్లా పేజీలో ఈ విషయంపై అనుభవజ్ఞులతో ఒక వ్యాసం రాయిస్తే, ఒడిశాలో ఉండి తెలుగు పత్రిక చదివే మావంటి వారికి మేలు చేసినవారవుతారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా